వైద్యుడు లేని ఊరు

వైద్యుడు లేని ఊరిలో కాపురముండవలదని సుమతీ శతకకర్త హెచ్చరించెను. మన పాఠశాలలో ఆరవ తరగతి పిల్లలకు సయితము ఆ పద్యము కంఠస్థము. కొత్తగా ఊరు వెదకుకొనువానికి అది మేలైన సలహాయే. కాని అట్టి ఊరిలోనే పుట్టి, అక్కడనే పొలమును, ఇల్లును, ముసలి తల్లియు గలవాని మాట యేమి? ఊరనుండిన వైద్యుడే ఊరు విడిచి పోయినయెడల వెనుక మిగిలినవారేమి చేయవలెను? దీనికి సమాధానము ఏ శతకమునందును మాకు కనబడలేదు. నేడు భూమండలమున అనేక దేశములు అట్టి ఊళ్ళయి యున్నవి.

ఏటేట పదవ తరగతి ఫలితములు వెలువడిన పిమ్మట తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని మా యొద్దకు వచ్చుచుందురు. కొన్ని ఏండ్లుగా వారి ప్రశ్నలలో ఒకటి మాటిమాటికి వినబడుచున్నది. "మాస్టారూ, మా అమ్మాయిని నర్సింగులో చేర్పిస్తే ఫారిన్ వెళ్ళడానికి వీలుంటుందాండీ?" అని తండ్రి అడుగును. "ఆడపిల్లను అంత దూరం పంపి మేమెలా ఉండగలం?" అని ప్రక్కనున్న తల్లి కొంగుతో కన్నులు తుడుచుకొనును. ఆ పిల్ల మాత్రము నేలచూపులు చూచుచు నిలుచుండును. అవుననిగాని, కాదనిగాని ఒక్క మాటలో చెప్పుటకు మాకు నోరు రాదు. ఆ ఇంటి అప్పు మాకు తెలియును. ఆ పిల్ల తెలివియు మాకు తెలియును. మన ప్రాంతపు ఆసుపత్రులలో ఖాళీగానున్న కుర్చీలును మాకు తెలియును. గదిలో నిలుచుండి చెప్పజాలని మాటలను ఈ పత్రికలో కూర్చుండి వ్రాయుచున్నాము.

మొదట లోకము సంగతి చూతము. 2006వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక గొప్ప నివేదిక వెలువరించెను. ప్రతి వేయిమంది జనులకు వైద్యులు, నర్సులు, మంత్రసానులు కలిసి ఇద్దరికంటె కొంచెము హెచ్చుగా, అనగా 2.28 మంది యైనను లేనిచోట, ప్రసవ సమయమున శిక్షణ పొందినవారి సాయము తగినంతమంది తల్లులకు అందదని ఆ నివేదిక లెక్కగట్టినది. ఆ మాత్రమును లేక విపత్తులోనున్న దేశములు ఆనాడు 57. వానిలో 36 సహారా ఎడారికి దక్షిణముననున్న ఆఫ్రికా దేశములు. ప్రపంచపు వ్యాధిభారములో నూటికి 24 వంతులు ఆఫ్రికా మోయుచుండగా, ప్రపంచమందలి ఆరోగ్యసేవకులలో నూటికి 3 వంతులు మాత్రమే అక్కడ నుండిరి. లెక్కల తరగతిలో ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచిన పిల్లవానికి వేరొక వ్యాఖ్యానముతో పనిలేదు.

అంకెలు చదివినంతమాత్రమున బాధ బోధపడదు. కనుక ఒక దేశమును దగ్గరగా చూతము. ఆఫ్రికా ఖండమున తూర్పు దక్షిణ దిక్కున మలావీ యను చిన్న దేశమున్నది. అది 1964లో స్వతంత్రమైనది. ఆ దేశపు వైద్య కళాశాల 1991లో మాత్రమే ప్రారంభమైనది. అంతకుముందు వైద్యవిద్యకై పోవు యువకులు విదేశములకే పోవలసి యుండెను. పోయినవారిలో పలువురు తిరిగి రాలేదు. 2004వ సంవత్సరము నాటికి అక్కడ లక్షమంది జనులకు సుమారు ఇద్దరు వైద్యులుండిరి. మన పట్టణమువంటి ఊరిని తలచుకొని, దానికంతటికి ఏడెనిమిదిమంది వైద్యులే యున్నట్లు ఊహించుకొనుడు.

వైద్యులు లేనిచోట భారమంతయు నర్సులపై పడును. ఆ కాలమున మలావీలో ఎయిడ్సు వ్యాధి ప్రబలియుండెను. వార్డులలో మంచములు చాలక రోగులు నేలపై పండుకొనుచుండిరి. ఒక్క నర్సు రాత్రియంతయు వార్డునంతటిని చూచుకొనవలసి వచ్చుచుండెను. చేతులకు తొడుగులు చాలవు. జీతము కుటుంబమునకు చాలదు. తోడి ఉద్యోగులు అదే వ్యాధివలన మరణించుటయు వారు కన్నులార చూచుచుండిరి. అట్టి సమయమున బ్రిటను దేశపు ఆసుపత్రులు నర్సులను రమ్మని పిలుచుచుండెను. ఇచ్చట నెలకు లభించు జీతము అచ్చట కొలది దినములలో లభించును. మలావీ నర్సులు ఇంగ్లీషున చదువుకొన్నవారు. ఇక వారు వెళ్ళుటలో వింత యేమున్నది? ఉన్నవారే వింతకు పాత్రులని మాకు తోచుచున్నది.

పిలుచు దేశములకును అక్కర లేకపోలేదు. అక్కడ వృద్ధుల సంఖ్య పెరుగుచున్నది. తమ పిల్లలలో తగినంతమందికి వారు నర్సు విద్య చెప్పించుకొనలేదు. ఆ వెలితిని బీద దేశపు బిడ్డలతో పూరించుకొనిరి. ఇందలి ఆర్థిక సూక్ష్మమును పిల్లలు గ్రహింపవలెను. 2006లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ప్రకారము, కెన్యా దేశమున ప్రాథమిక పాఠశాల మొదలుకొని పట్టా పుచ్చుకొనువరకు ఒక వైద్యుని చదువునకు సుమారు 66,000 డాలర్లును, ఒక నర్సు చదువునకు సుమారు 43,000 డాలర్లును వ్యయమగుచుండెను. ఆ వైద్యుడు విమానమెక్కిన నాడు ఆ ధనమంతయు అతనితోపాటే విమానమెక్కును. బీదవాడు పాడియావును పెంచి పోషించి, ఈనిన నాడు ధనవంతుని దొడ్డికి తోలినట్లున్నది ఈ వ్యవహారము. తమ దేశపు నర్సులను ఇట్లు చేర్చుకొనవలదని దక్షిణాఫ్రికా అధ్యక్షుడు నెల్సన్ మండేలా 1997లో బ్రిటనును కోరవలసి వచ్చెను.

ఐనచో పోయినవారిని నిందింతుమా? నిందింపజాలము. ఏ మనుష్యుడైనను తన దేశమును విడిచి పోవుటకును, తిరిగి వచ్చుటకును హక్కు గలవాడని 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన చాటుచున్నది. నర్సు కూడ మనుష్యురాలే. ఆమెకును తల్లిదండ్రులు, తమ్ముళ్ళు, చెల్లెండ్రు, ఇంటి అప్పులు కలవు. విదేశమునుండి ఆమె పంపు పైకము ఎన్ని పొయ్యిలు వెలిగించుచున్నదో మన వీధులలోనే చూడవచ్చును. పైగా, దేశముననే యున్నవారందరికి పని దొరకునన్న నమ్మకమును లేదు. అదే కెన్యాలో, 2000 దశకపు మధ్యకాలమున, ఆసుపత్రులలో ఉద్యోగములు ఖాళీగానుండగా, పట్టాపొందిన వేలకొలది నర్సులు పనిలేక యుండిరి. జీతమిచ్చుటకు ప్రభుత్వముచేత ధనము లేదు. ఇక ఖాళీలెట్లు నిండును? కావున వలస యొక్కటియే రోగము కాదు. అది రోగలక్షణము. తక్కువ జీతము, మోయలేని పని, ఉండుటకు ఇల్లు లేకపోవుట, పిల్లలకు బడి లేకపోవుట, పైకి వచ్చు దారి కానరాకపోవుట ఇవియే రోగమూలములు.

ఈ మాట మేము పుస్తకములు చూచి మాత్రమే చెప్పుటలేదు. మేము తెలుగు పండిత శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశమున. మాతోపాటు ఈ ప్రాంతమునుండి శిక్షణకై వచ్చినవారు మరికొందరుండిరి. శిక్షణ ముగిసిన పిమ్మట వారిలో పెక్కురు అక్కడనే ఉద్యోగములు సంపాదించుకొనిరి. మేము తిరిగి వచ్చితిమి. అది త్యాగమని ఎవరైనను పొగడినచో మాకు నవ్వు వచ్చును. మాకు ఇచ్చట ఉద్యోగము దొరికినది. జీతము ఆలస్యమైనను అందినది. తలదాచుకొనుటకు తాతలనాటి ఇల్లున్నది. మా అమ్మ ఈ ఊరనే యున్నది. ఈ నాలుగింటిలో రెండు లోపించియున్నను మేమును అక్కడనే నిలిచిపోయి యుందుము. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు సరిహద్దుకు ఈవలనుండిపోయిన తెలుగు ఇండ్లవారము మనము. మన బడులలో తెలుగు పండితుని పదవి ఖాళీయైన, అది నిండుటకు ఎన్ని ఏండ్లు పట్టునో తల్లిదండ్రులు ఎరుగుదురు. గురువుల కొరతయు, నర్సుల కొరతయు ఒక తల్లి బిడ్డలే. త్యాగబుద్ధిని నమ్ముకొని ఏ బడియు నడువదు, ఏ ఆసుపత్రియు నడువదు. ఉండదగిన ఏర్పాటులు చేసినచోట మనుష్యులు ఉందురు.

మలావీ కథ ఇంకను ముగియలేదు. 2004లో ఆ ప్రభుత్వము మేలుకొని, అత్యవసర ప్రణాళిక యొకటి చేపట్టెను. ముఖ్యమైన 11 తరగతుల ఆరోగ్య ఉద్యోగులకు జీతముపై నూటికి 52 వంతులు అదనముగా చెల్లించిరి, శిక్షణాలయములను విస్తరించిరి. ధనసహాయము చేసినవారిలో ముఖ్యులు బ్రిటిషువారు. నర్సులను చేర్చుకొన్న చేయియే నర్సులను నిలుపుటకును ధనమిచ్చినదన్నమాట! ఫలముగా 2004లో 5,453 మందిగానుండిన ఆ ఉద్యోగులు 2009 నాటికి 8,369 మందియైరి. దేశము కొరత తీరలేదు. కాని తీర్చుటకు దారి కలదని తెలిసినది.

మొజాంబిక్ దేశము వేరొక దారి త్రొక్కినది. 1975లో ఆ దేశము స్వతంత్రమైనప్పుడు పోర్చుగీసు వైద్యులు మూటాముల్లె కట్టుకొని పోయిరి. అంత 1984 మొదలు, వైద్యులు కాని అనుభవజ్ఞులైన ఆరోగ్య ఉద్యోగులకు శస్త్రచికిత్సలో ప్రత్యేక శిక్షణ యిచ్చి జిల్లా ఆసుపత్రులకు పంపిరి. కడుపు కోసి బిడ్డను తీయు చికిత్సను జిల్లాలలో అధికముగా వారే చేయుచు వచ్చిరి. కొన్నాళ్ళకు పరిశోధకులు లెక్క తీసిరి. ఏడేండ్ల తరువాత, జిల్లాలకు పంపబడిన వైద్యులలో ఒక్కడైనను అక్కడ మిగులలేదు; ఈ శస్త్రచికిత్సకులలో నూటికి 88 మంది అక్కడనే యుండిరి. తమ పట్టా విదేశములలో చెల్లదనుట ఇందుకొక కారణము. తమ ప్రజల నడుమ గౌరవము దొరకుట మరియొక కారణమని మేము తలంచుచున్నాము.

మా మనస్సున కెక్కువగా నాటినది ఇథియోపియా ఏర్పాటు. అక్కడ 2003లో గ్రామారోగ్య విస్తరణ పథకము మొదలైనది. ప్రతి గ్రామ మండలికి ఇద్దరు యువతులు. వారికి ఉండవలసిన అర్హతలను, విద్యార్థినులారా, శ్రద్ధగా చదువుడు: పదవ తరగతి పూర్తిచేసి యుండవలెను, ఆ ప్రాంతపు పిల్లయై యుండవలెను, ఆ ప్రాంతపు భాష మాటలాడగలిగి యుండవలెను. ఒక సంవత్సరము శిక్షణ యిచ్చి, ప్రభుత్వ జీతముపై నియమించిరి. ఇట్టివారు 30,000 మందికి పైగా పనిచేసిరి. ఐదేండ్లలోపు పిల్లల మరణములు 1990 నాటి లెక్కలో మూడవ వంతునకు దిగినవని 2013లో ప్రకటింపబడెను. దీనికి ఇతర కారణములును కలవు. కాని ఇల్లిల్లు తిరిగిన ఆ పదవ తరగతి పిల్లల పాదములకు అందు భాగము కలదు. మన దేశమున 2005 నుండి పనిచేయుచున్న ఆశా కార్యకర్తలను చూచినవారికి ఈ సంగతి క్రొత్త కాదు. వారికి నెలజీతము కాక ప్రోత్సాహకములు మాత్రమే లభించుట మన ఏర్పాటులోని వెలితి.

భాష వచ్చియుండవలెనన్న ఆ నియమమును పైపై నియమమని తలపరాదు. ఒకసారి మా వీధిలోని ముసలమ్మ నొకతెను మేము ఒక ఆసుపత్రికి తీసికొనిపోయితిమి. ఆమెకు తెలుగు తప్ప వేరొక భాష రాదు. ఒడియాలో నొప్పి యను ఒక్క మాట తెలియును. నర్సమ్మ మంచిది; కాని పని తొందరలో నున్నది. ఎక్కడ నొప్పి యని అడుగగా ముసలమ్మ రొమ్ము చూపినది. మందు వ్రాయుటకు సిద్ధపడుచుండగా, ఆమె మా వైపు తిరిగి, "నొప్పి కాదు బాబూ, మంట. తిన్నాక మంట. రాత్రి చెయ్యి తిమ్మిరెక్కుతోంది. అది వేరు, ఇది వేరు" అన్నది. ఆ మాటలను మేము ఒడియాలో చెప్పితిమి. అప్పుడు పరీక్షలు మారినవి. మన భాషలో సలుపు వేరు, పోటు వేరు, తీపు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరు, నలత వేరు. వేల ఏండ్లుగా బాధపడిన జనులు బాధకు పెట్టుకొన్న పేర్లు ఇవి. వీనిని తెలిసిన నర్సు వార్డులో నుండుట యంత్రమొకటి యుండుటకంటె తక్కువ మేలు కాదు.

ఇక తల్లిదండ్రులారా, మీ ప్రశ్నకు వత్తుము. మీ బిడ్డను నర్సింగులో చేర్పించుడు. అది గౌరవనీయమైన విద్య. ప్రపంచమున నర్సులు 2023 నాటికి ఇంకను 58 లక్షలమంది తక్కువగా నున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో తెలిపినది. కనుక ఆ విద్యకు పని లేకపోదు. చేర్పించుటకు ముందు ఆ శిక్షణాలయమునకు నర్సింగు మండలి గుర్తింపు కలదేమో విచారించుడు. గుర్తింపు లేని చదువు ఇంటను చెల్లదు, బయటను చెల్లదు. పిల్ల విదేశము పోదలచినచో ప్రభుత్వముచే నమోదైన సంస్థల ద్వారానే పోవలెను. ఒప్పందపత్రమున జీతమెంత, పనిగంటలెన్ని, మధ్యలో మానుకొన్న చెల్లింపవలసినదెంత అను మూడు సంగతులు చదువక సంతకము చేయరాదు. పొలమమ్మి దళారి చేత పైకము పోయవలదు.

దేశముల నడుమ కూడ ఇట్టి ధర్మమొకటి ఏర్పడియున్నది. 2010 మే నెలలో జెనీవా నగరమున ప్రపంచ ఆరోగ్య సభ ఒక నియమావళిని అంగీకరించెను. కొరతతో బాధపడు దేశములనుండి ఆరోగ్యసేవకులను పనిగట్టుకొని చేర్చుకొనరాదు. వచ్చినవారిని స్థానికులతో సమానముగా చూడవలెను. ప్రతి దేశమును తనకు కావలసినవారిని తానే తయారుచేసికొనవలెను అనునవి అందలి సారము. 2023లో ఆ సంస్థ ప్రకటించిన జాబితాలో అట్టి రక్షణ కోరు దేశములు 55. మలావీయు, మన పొరుగుననున్న బంగ్లాదేశమును అందున్నవి. ఆ నియమావళిని మీరినవానికి శిక్ష లేదు. అది ఇష్టపూర్వకముగా పాటింపవలసినది. ఐనను వ్రాతపూర్వకమైన ధర్మము ఊరకుండు ధర్మముకంటె మేలు. అడుగువానికి అది ఆధారమగును.

మన దేశము ఆ జాబితాలో లేదు. కాని దేశము పేరిట లేనంత మాత్రమున కొండప్రాంతపు పల్లెలో నర్సు ఉన్నదని అర్థము కాదు. నగరమునకు పోవు వైద్యుడును వలసపోవువాడే. బ్రహ్మపురమున 1962 నుండి వైద్య కళాశాల కలదు. కోరాపుటమున 2017లో మాత్రమే ఏర్పడినది. ఈ రెండు తేదీల నడుమనున్న 55 ఏండ్లలో కొండలలో ఎన్ని తరముల తల్లులు ప్రసవించిరో లెక్కించుకొనుడు. కావున తల్లిదండ్రులు తమ పిల్ల జీతమును గురించి అడిగినట్లే, తమ ఊరి ఆరోగ్య కేంద్రమున మంజూరైన పదవులెన్ని, నిండినవెన్ని యని గ్రామసభలో అడుగవలెను. అక్కడ పనిచేయు నర్సమ్మకు తలుపు గడియ సరిగానున్న ఇల్లు కలదా, రాత్రి వచ్చిపోవుటకు దీపము కలదా యని చూడవలెను. నిలుపుకొనుట యనగా ఇదియే.

విద్యార్థినీ విద్యార్థులారా, మీరు నాలుగు భాషల నడుమ పెరుగుచున్నారు. ఇంట తెలుగు, వీధిని ఒడియా, బడిలో హిందీ, ఇంగ్లీషు. ఈ భాషలు మిమ్ములను ఎంత దూరమైనను తీసికొనిపోగలవు. పోయినవారిని మేము తక్కువగా చూడము. ఉన్నవారు చేతగాక ఉండిరని ఎవరైన అన్నచో ఒప్పుకొనము. మీరు ఎక్కడ నున్నను, మీ చదువునకు ఎవరెవరు పన్ను కట్టిరో మరువకుడు. ఆ ఋణము కొందరు పల్లెలో పనిచేసి తీర్తురు. కొందరు అనుభవముతో తిరిగి వచ్చి తీర్తురు. కొందరు తమ వెనుక పిల్లను చదివించి తీర్తురు. తీర్చు విధము మీది.

ఇప్పటికిప్పుడు చేయదగిన పని యొకటి కలదు. ఎనిమిదవ, తొమ్మిదవ తరగతులవారు ఈ సెలవులలో తమ అవ్వలను, అమ్మమ్మలను అడిగి రోగములకును, బాధలకును మన ఇండ్లలో వాడు మాటలను సేకరింపవలెను. ప్రతి మాటకు అర్థము వ్రాసి, ఎదుట ఒడియా మాట చేర్చవలెను. ఒడియా ఉపాధ్యాయులు సరిచూచుటకు అంగీకరించిరి. ఆ పట్టికను శుభ్రముగా వ్రాయించి ఆరోగ్య కేంద్రపు నర్సమ్మకు మనమే అందజేయుదము. ఒక్కొక్కరు పది మాటలకు తక్కువ కాకుండ తీసికొనిరావలెను.